బాగు చేయించాలా? కొత్తది కొనాలా?

ఒక ఇంట్లో బట్టలు ఉతికే మిషను ఆగిపోయింది. "పాతదైపోయిందమ్మా, కొత్తది కొనుక్కోండి" అన్నాడు మెకానిక్. కొత్తదంటే అప్పు చేయాలి. ఇల్లాలు దిగులు పడింది.

"తొందరపడకు వదినా. ముందు ఏది పోయిందో అడుగు" అంది పక్కింటామె.

ఆమె మాట నిజం. ముందు ప్లగ్గులో కరెంటు వస్తోందో లేదో చూడాలి. బట్టలు ఎక్కువ వేశారేమో చూడాలి. మిషనును ముట్టుకునే ముందు ప్లగ్గు తీసెయ్యాలి. తడి చేతులతో ముట్టరాదు.

మోటారు గుయ్యిమంటుంది కానీ తిరగదు. అప్పుడు కెపాసిటర్ పోయి ఉండొచ్చు. మోటారు తిరుగుతుంది కానీ బట్టలు తిరగవు. అప్పుడు బెల్టు తెగి ఉండొచ్చు. ఇవి చిన్న సామాన్లు. మారిస్తే చాలు. మోటారే కాలిపోతే ఖర్చు ఎక్కువ.

తర్వాత వారంటీ కార్డు చదవాలి. కొన్న తేదీ చూడాలి. కొన్ని మిషన్లలో మోటారుకు గడువు ఎక్కువ ఏళ్లు ఉంటుంది.

గడువు దాటితే లెక్క వేయాలి. కొత్త మిషను 10,000 రూపాయలు అనుకోండి. రిపేరుకు 1,500 అయితే బాగు చేయించడమే మేలు. మిషను పాతబడి, రిపేరు 5,000 దాటితే కొత్తది నయం.

పని అయ్యాక బిల్లు తీసుకోవాలి. తీసేసిన పాత సామాను కూడా అడగాలి. మోసం జరిగితే వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేయవచ్చు.

ఆ ఇల్లాలు మళ్లీ గట్టిగా అడిగింది. పోయింది కెపాసిటరే! వేలు పోయేచోట వందలతో పని అయింది. బిల్లు తానే చదివి, డబ్బు ఇచ్చింది.