మధ్యవర్తి లేకుండా ఇల్లు అమ్మాలంటే..
* కమీషన్ మిగులుతుంది.. బాధ్యత పెరుగుతుంది
* ప్రకటన కంటే ముందు పత్రాలు సరిచూసుకోవాలి

రఘునాథపల్లి: హైదరాబాద్‌-వరంగల్ జాతీయ రహదారి, సికింద్రాబాద్‌-కాజీపేట రైలుమార్గం రెండూ అందుబాటులో ఉన్న మండల కేంద్రం రఘునాథపల్లి. ఇలాంటి ఊళ్ల నుంచి ఉద్యోగాల కోసం, పిల్లల చదువుల కోసం నగరాలకు తరలిన కుటుంబాలకు సొంతూరిలోని ఇల్లు ఒక సమస్యగా మారుతోంది. తాళం వేసి వదిలేస్తే గోడలు పాడవుతాయి. అమ్ముదామంటే కొనేవారి జాడ తెలియదు. ఇంతకాలం ఈ పనిని పైరవీకారులు, స్థిరాస్తి వ్యాపారులు చేసి పెట్టేవారు. ఇప్పుడు యజమానే ఫొటోలు తీసి అంతర్జాలంలో ప్రకటన ఇచ్చి, కొనుగోలుదారుతో నేరుగా మాట్లాడుకునే వీలు కలిగింది. అయితే మధ్యవర్తిని పక్కన పెట్టినంత మాత్రాన అతడు చేసే పని తగ్గదు. అదంతా యజమాని భుజాలపై పడుతుంది.

ఇరవై ఏళ్ల ప్రయాణం

మన దేశంలో స్థిరాస్తి ప్రకటనల వెబ్‌సైట్లు కొత్తవేమీ కావు. 99ఎకర్స్ 2005లో, మ్యాజిక్‌బ్రిక్స్ 2006లో మొదలయ్యాయి. మధ్యవర్తి లేకుండా యజమానులను, కొనుగోలుదారులను కలిపే ఉద్దేశంతో నోబ్రోకర్ 2014లో ప్రారంభమైంది. ఇది హైదరాబాద్ వంటి పెద్ద నగరాలపైనే ప్రధానంగా దృష్టి పెట్టింది. మండల కేంద్రంలోని ఇంటికి ఇలాంటి ప్రకటనతో పాటు ఊరివారి, బంధువుల వాట్సాప్ బృందాల్లో సమాచారం పంచుకోవడం కూడా అవసరమే. పల్లెలో ఇల్లు కొనేది తరచూ పక్కింటివారో, అదే ఊరి నుంచి వెళ్లి స్థిరపడినవారో అవుతారు.

ఆదా ఎంత?

ఉదాహరణకు ఇల్లు రూ.20 లక్షలకు అమ్ముడైందనుకుందాం. కమీషన్ 2 శాతం మాట్లాడుకొని ఉంటే రూ.40 వేలు, ఒక శాతమైతే రూ.20 వేలు మిగులుతాయి. కానీ ధర తెలియక లక్ష రూపాయలు తక్కువకు ఇచ్చేస్తే ఆ ఆదా అంతా పోయి, పైగా నష్టం మిగులుతుంది. అందుకే ప్రకటనకు ముందు చుట్టుపక్కల ఇటీవల గజం ఎంతకు అమ్ముడైందో నలుగురినీ అడగాలి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ప్రభుత్వ మార్కెట్ విలువ కూడా చూసుకోవచ్చు. ఆ విలువ, అసలు ధర ఒకటే కావాలని లేదు. ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానిపైనే స్టాంపు సుంకం వసూలు చేస్తారు.

పత్రాలే ప్రాణం

కొనేవారు మొదట అడిగేది పత్రాలనే. రిజిస్టరు దస్తావేజు, అంతకు ముందున్న లింకు దస్తావేజులు, ఈసీ, పంచాయతీ ఇంటి పన్ను రశీదు, విద్యుత్ బిల్లు సిద్ధం చేసుకోవాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లో రిజిస్ట్రేషన్ల కంప్యూటరీకరణ మొదలైంది. ఇప్పుడు ఈసీని ఇంటి నుంచే చూసుకోవచ్చు.

పల్లెల్లో అసలు చిక్కు ఇక్కడే వస్తోంది. గ్రామకంఠంలోని పాత ఇళ్లకు చాలాచోట్ల తాత ముత్తాతల నుంచి అనుభవమే తప్ప దస్తావేజు ఉండదు. కొన్నిచోట్ల తెల్లకాగితంపై రాసుకున్న సాదా బైనామాలే ఉంటాయి. ఆస్తి బదిలీ చట్టం-1882 ప్రకారం రూ.100, ఆపై విలువ గల స్థిరాస్తి విక్రయానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఇంటి పన్ను రశీదు ఒక్కటే యాజమాన్య హక్కును నిరూపించదు. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన ఇళ్ల స్థలాల బదిలీపై అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం-1977 కింద ఆంక్షలున్నాయి. నిషేధిత జాబితాలో ఉన్న ఆస్తికి రిజిస్ట్రేషన్ జరగదు. ఈ విషయం దాచి ప్రకటన ఇస్తే తర్వాత కోర్టు మెట్లు ఎక్కవలసి ఉంటుంది.

ఆడబిడ్డల సంతకం మరవొద్దు

హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కుమార్తెలకు హక్కు కల్పిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టాన్ని సవరించింది. కేంద్రం 2005లో దేశమంతటికీ సమాన హక్కు వర్తింపజేసింది. తండ్రి కట్టిన ఇంటిని అన్నదమ్ములే మాట్లాడుకొని అమ్మేస్తే, అక్కచెల్లెళ్లు తర్వాత కోర్టుకు వెళ్లే అవకాశం ఉంది. వారసులందరి సమ్మతీ ముందే తీసుకోవడం అందరికీ క్షేమం. ఊరి మధ్యవర్తికి ఈ కుటుంబ వివరాలు తెలిసి ఉంటాయి. ఎక్కడో ఉండి ప్రకటన చూసిన కొనుగోలుదారుకు తెలియవు. కాబట్టి చెప్పవలసిన బాధ్యత యజమానిదే.

విదేశాల్లో ఉన్న వారసులు రాలేకపోతే అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపవచ్చు. అది మన దేశానికి చేరిన మూడు నెలల లోపు స్టాంపు సుంకం చెల్లించాలి.

ప్రకటనలో ఏముండాలి?

పగటి వెలుతురులో తీసిన ఫొటోలు, స్థలం గజాల్లో, కట్టడం చదరపు అడుగుల్లో, దారి వెడల్పు, నీటి వసతి, రైల్వేస్టేషన్, రహదారి నుంచి దూరం రాయాలి. గోడలో పగుళ్లుంటే దాచకూడదు. చూడటానికి వచ్చినవారికి ఎలాగూ కనిపిస్తాయి. దస్తావేజు, ఆధార్ కార్డుల ఫొటోలను మాత్రం అంతర్జాలంలో పెట్టరాదు. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లోని వేలిముద్రలను నకలు చేసి సిమ్ కార్డులు చెలామణిలోకి తెచ్చిన ఉదంతం బయటపడింది. పత్రాలను ఎదురుగా చూపాలి. నకళ్లు ఇవ్వవలసి వస్తే వాటిపై ఎందుకోసమో రాసి ఇవ్వాలి.

మోసగాళ్లున్నారు జాగ్రత్త

ఇల్లు చూడకుండానే బేరం కుదుర్చుకొని, 'బయానా పంపుతున్నాను, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి' అంటే అనుమానించాలి. డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ నొక్కవలసిన పని లేదు. పిన్ అడిగారంటే డబ్బు మన ఖాతా నుంచే పోతుంది. మోసపోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫిర్యాదు చేయాలి.

బయానా తీసుకునేటప్పుడు మొత్తం ధర, గడువు, గడువు దాటితే ఏమిటన్నది ఒప్పంద పత్రంలో రాసుకోవాలి. స్థిరాస్తి లావాదేవీల్లో రూ.20 వేలు, ఆపై మొత్తాన్ని నగదుగా తీసుకోవడాన్ని ఆదాయ పన్ను చట్టం 2015 జూన్ 1 నుంచి నిషేధించింది. తీసుకుంటే అంతే మొత్తం జరిమానా పడవచ్చు. బ్యాంకు ద్వారా తీసుకుంటే రుజువూ మిగులుతుంది.

చివరి అడుగు కార్యాలయంలోనే

ప్రకటన, బేరం ఫోన్‌లో సాగినా ఇల్లు చేతులు మారేది సబ్‌ రిజిస్ట్రార్ ఎదుటే. అక్కడ సంతకాలు, ఫొటోలు, వేలిముద్రలు తప్పవు. తెలంగాణలో 2021 జూలైలో రిజిస్ట్రేషన్ సుంకాలు మొత్తం 6 నుంచి 7.5 శాతానికి పెరిగాయి. వీటిని కొనుగోలుదారు భరించడం ఆనవాయితీ. స్లాట్ బుకింగ్ విధానం 2025లో రాష్ట్రంలోని సబ్‌ రిజిస్ట్రార్ కార్యాలయాలకు విస్తరించింది. పూర్తి సొమ్ము ఖాతాలో జమ అయినట్లు సరిచూసుకున్నాకే దస్తావేజుపై సంతకం చేయాలి.

విదేశీ అనుభవం

బ్రిటన్‌లో శాతాల లెక్కన కమీషన్ కాకుండా స్థిరమైన రుసుముతో ఇళ్లు అమ్మిపెడతామంటూ 2014లో పర్పుల్‌బ్రిక్స్ సంస్థ రంగంలోకి దిగింది. ముందే రుసుము కట్టినవారికి ఇల్లు అమ్ముడు కాకపోయినా అది తిరిగి వచ్చేది కాదు. మొదట్లో వేగంగా ఎదిగిన ఆ సంస్థ వ్యాపారం నష్టాలపాలై 2023లో ఒక్క పౌండుకు మరో సంస్థ చేతికి వెళ్లింది. మన దగ్గరా డబ్బు కట్టించుకొని ప్రకటన వేసే సంస్థలున్నాయి. ఆ రుసుము ప్రకటనకా, అమ్మకానికా అన్నది ముందే అడిగి తెలుసుకోవాలి.

పత్రాలు సక్రమంగా ఉండి, వారసుల మధ్య తగాదా లేక, వచ్చినవారికి ఇల్లు చూపే మనిషి ఊరిలో ఉంటే యజమాని సొంతంగా అమ్ముకోవచ్చు. వీటిలో ఏది లోపించినా కమీషన్ కంటే ముందు న్యాయవాదికి కొంత రుసుము చెల్లించి పత్రాలు చూపించుకోవడం ఉత్తమం.