బరువు, వేగం, ధర: ల్యాప్‌టాప్‌లో వాట్ల లెక్క

ల్యాప్‌టాప్‌లను పోల్చేటప్పుడు చూసేవి ప్రధానంగా మూడు: మోయడానికి ఎంత తేలిక, పనిలో ఎంత చురుకు, ధర ఎంత. వీటిలో రెండు కుదిరితే మూడోది చేజారడం ఈ యంత్రం పుట్టిన నాటి నుంచీ ఉన్నదే. 1981లో వచ్చిన ఆస్‌బోర్న్ 1 చేత్తో మోసుకెళ్లే కంప్యూటర్‌గా అమ్ముడైంది. బరువు సుమారు 11 కిలోలు, తెర అయిదు అంగుళాలు, లోపల బ్యాటరీ లేనే లేదు. ధర మాత్రం 1,795 డాలర్లే. మరుసటి ఏడాది గ్రిడ్ కంపాస్ ఇప్పటి ల్యాప్‌టాప్‌లాగే మడిచే ఆకారంలో, అందులో సగం కన్నా తక్కువ బరువుతో వచ్చింది. దాని ధర 8,150 డాలర్లు. నాసా దాన్ని స్పేస్ షటిల్‌లోకి ఎక్కించింది గానీ మామూలు ఇళ్ల గడప అది తొక్కలేదు. పాతికేళ్ల తర్వాత, 2007లో, ఆసుస్ సంస్థ తెచ్చిన ‘ఈ పీసీ’ అనే ల్యాప్‌టాప్ కిలో లోపు బరువుతో, చవగ్గా దొరికింది. అయితే ఏడంగుళాల తెర, నత్తనడక ప్రాసెసర్, 4 జీబీ నిల్వతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. 2008 జనవరిలో స్టీవ్ జాబ్స్ కాగితపు కవరులోంచి తీసి చూపిన మ్యాక్‌బుక్ ఎయిర్ బరువు 1.36 కిలోలు. 1,799 డాలర్లు పెట్టి కొన్నవారికి అందులో దక్కినవి ఐపాడ్‌లలో వాడే తరహా నెమ్మది హార్డ్ డిస్క్, ఒకే ఒక్క యూఎస్‌బీ పోర్టు.

ఈ మూడు గుణాలనూ కలిపి కట్టేసేది వేడి. ప్రాసెసర్ లాగే కరెంటంతా చివరికి వేడిగానే మారుతుంది. ఆ వేడిని బయటికి పంపగలిగినంత మేరకే ప్రాసెసర్ పరుగెత్తగలదు. 15 వాట్ల తరగతి ప్రాసెసర్‌కి ఒక చిన్న ఫ్యాను చాలు, పలుచని ఒంట్లో ఇమిడిపోతుంది. 45 వాట్లదైతే రెండు ఫ్యాన్లు, లావుపాటి రాగి గొట్టాలు, పెద్ద బ్యాటరీ, బరువైన చార్జర్ కావాలి. పలుచని ల్యాప్‌టాప్‌లో శక్తిమంతమైన ప్రాసెసర్ పెడితే మొదటి రెండు మూడు నిమిషాలు దూకుడుగా సాగి, వేడెక్కగానే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. కొనేవారికి మాత్రం పెట్టె మీద ప్రాసెసర్ పేరే కనిపిస్తుంది, వాట్లు కనిపించవు.

గ్రాఫిక్స్ చిప్‌ల విషయంలో ఈ మాయ మరీ ఎక్కువ. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4060 ల్యాప్‌టాప్ చిప్‌ను తయారీదారు 35 వాట్ల నుంచి 115 వాట్ల వరకు ఎంతకైనా అమర్చుకోవచ్చు. సన్నని మోడల్‌లో తక్కువ వాట్లకు కట్టేసినది, లావు మోడల్‌లో పూర్తి వాట్లకు వదిలేసినది, రెండిటి మీదా ఒకే స్టిక్కర్ ఉంటుంది. అందుకని గ్రాఫిక్స్ కోసం డబ్బు పెట్టేవారు కంపెనీ వెబ్‌సైట్‌లోని సాంకేతిక వివరాల్లో టీజీపీ (గ్రాఫిక్స్‌కు ఇచ్చే మొత్తం వాట్లు) అన్న అంకె వెతకాలి. అది ఎక్కడా చెప్పని మోడల్‌ను కొంచెం అనుమానంగానే చూడాలి.

ప్రాసెసర్ పేర్లు చదవడం కూడా ఒక విద్యే. ఐ7 అయితే ఐ5 కన్నా మేలన్న నమ్మకం బలంగా నాటుకుపోయింది గానీ, ఇంటెల్ పేర్లలో చివరి అక్షరం చాలాసార్లు ముందున్న అంకె కన్నా ఎక్కువ చెబుతుంది. యూ ఉంటే పొదుపు రకం, హెచ్ ఉంటే 45 వాట్ల తరగతి, హెచ్‌ఎక్స్ ఉంటే అంతకు మించినది. ఒకే తరానికి చెందిన ఐ7 యూ రకం కన్నా ఐ5 హెచ్ రకం బరువు పనుల్లో ముందుండటం మామూలే. 2023 చివర్లో ఇంటెల్ ‘ఐ’ అక్షరాన్ని తీసేసి కోర్ అల్ట్రా అనే పేరు తెచ్చాక గందరగోళం ఇంకాస్త పెరిగింది. ఏఎండీ మరో రకం చిక్కు పెట్టింది. రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7640యూ అక్కాచెల్లెళ్లలా కనిపిస్తాయి. మొదటిదాని లోపల ఉన్నది 2019 నాటి జెన్ 2 నిర్మాణం, రెండోదానిలో 2022లో వచ్చిన జెన్ 4. గుట్టంతా మూడో అంకెలో ఉంది. అంత సంగతి ఎంతమంది కొనుగోలుదారులు పట్టించుకుంటారన్నది కంపెనీలకూ తెలుసు.

నిజానికి ఇంట్లో, ఆఫీసులో చేసే మామూలు పనుల్లో వేగం ప్రాసెసర్ కన్నా మెమరీ మీద ఎక్కువ ఆధారపడుతుంది. బ్రౌజర్‌లో ఇరవై ట్యాబులు, పక్కన ఒక వీడియో కాల్, ఒక ఎక్సెల్ ఫైలు తెరిస్తే 8 జీబీ నిండిపోతుంది. 16 జీబీ ఉన్న నడిమి రకం ప్రాసెసర్, 8 జీబీ ఉన్న పెద్ద ప్రాసెసర్ కన్నా రోజువారీ వాడకంలో హాయిగా ఉంటుంది. ఇక్కడా తేలికదనం తన వాటా అడుగుతుంది. సన్నని మోడళ్లలో చాలావాటికి ర్యామ్‌ను మదర్‌బోర్డుకే అతికించేస్తారు, తర్వాత పెంచుకునే వీలుండదు. కాస్త లావు మోడళ్లలో స్లాటు ఉంటుంది. 2025 చివరి నుంచి మెమరీ చిప్‌ల ధరలు బాగా పెరగడంతో, ఇప్పుడు 8 జీబీతో కొని తర్వాత పెంచుకుందామన్న ఆలోచన అంత లాభసాటిగా లేదు. నిల్వ సంగతి తేలికగా తేలిపోతుంది. ఎస్‌ఎస్‌డీ ఉంటే చాలు, బాగా చవక మోడళ్లలో పెట్టే ఈఎంఎంసీ అయితే వద్దు.

బరువు చెప్పేటప్పుడు కంపెనీలు చార్జర్‌ను లెక్కలోకి తీసుకోవు. 14 అంగుళాల సాధారణ ల్యాప్‌టాప్ 1.3 నుంచి 1.6 కిలోలు తూగుతుంది. దాని 65 వాట్ల టైప్-సీ చార్జర్ జేబులో పడుతుంది, ఫోన్‌కీ పనికొస్తుంది. గేమింగ్ ల్యాప్‌టాప్ 2.3 కిలోలని రాసి ఉన్నా, ఇటుకంత చార్జర్‌తో కలిపితే మూడు కిలోల దగ్గర ఆగుతుంది. రోజూ సిటీ బస్సులో నిలబడి కాలేజీకి వెళ్లే విద్యార్థి భుజానికి ఆ తేడా వారంలోనే తెలుస్తుంది.

బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుందన్న ప్రకటన కన్నా అది ఎన్ని వాట్-అవర్లన్నది నమ్మదగిన లెక్క. 50 వాట్-అవర్ల బ్యాటరీతో, పది వాట్లు లాగే పని చేస్తే అయిదు గంటలు వస్తుంది. పెట్టె మీద పదిహేను గంటలని ఉంటే, అది తెర వెలుతురు తగ్గించి వీడియో ఆడించి కొలిచినది కావచ్చు. పెద్ద బ్యాటరీకి చట్టం గీసిన గీత కూడా ఒకటుంది. విమానంలో అనుమతి అడగకుండా తీసుకెళ్లగల బ్యాటరీ పరిమితి 100 వాట్-అవర్లు. అందుకే ఎంత ఖరీదైన ల్యాప్‌టాప్ అయినా ఆ అంకె దగ్గరే ఆగిపోతుంది.

బరువు, వేగం, ధరల ఈ సమీకరణాన్ని గట్టిగా కదిలించింది 2020 నవంబరులో ఆపిల్ తెచ్చిన ఎమ్1 చిప్. 1.29 కిలోల మ్యాక్‌బుక్ ఎయిర్‌లో ఫ్యాన్ లేదు, అయినా వేగంలో అంతకు ముందున్న సన్నని ల్యాప్‌టాప్‌లను దాటేసింది. తక్కువ వాట్లలో ఎక్కువ పని జరగడమే అందుకు కారణం. మూడో గుణమైన ధర మాత్రం లొంగలేదు. భారత్‌లో దాని ప్రారంభ ధర 92,900 రూపాయలు, అది కూడా 8 జీబీ మెమరీతో. ఎయిర్‌లో 16 జీబీ కనీసంగా మారడానికి 2024 అక్టోబరు దాకా ఆగాల్సి వచ్చింది. అదే ఏడాది విండోస్ వైపు క్వాల్‌కామ్ స్నాప్‌డ్రాగన్ ఎక్స్ చిప్‌లు ఇలాంటి పొదుపునే తెచ్చాయి. వాటితో ఒక పేచీ ఉంది: ఇంటెల్, ఏఎండీల కోసం రాసిన పాత డ్రైవర్లు వాటిలో పనిచేయవు. పాత ప్రింటర్, డాంగిల్, పాత తెలుగు కీబోర్డు సాఫ్ట్‌వేర్‌తో పని గడుపుకునే డీటీపీ కేంద్రాలు పరీక్షించి చూడకుండా అటు వెళ్లకపోవడమే క్షేమం.

చవక ల్యాప్‌టాప్‌లో కోత పడేది పెట్టె మీద రాయని చోట్ల. ప్రాసెసర్, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ప్రకటనలో కనిపించాలి కాబట్టి వాటిని ఉంచి, తెర, మడత కీలు, కీబోర్డు, బ్యాటరీల్లో మిగుల్చుకుంటారు. వివరాల్లో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ, 250 నిట్లు అని ఉంటే, రంగులు వెలిసినట్టు ఉంటాయనీ, కిటికీ పక్కన కూర్చుంటే తెర సరిగా కనిపించదనీ అర్థం. నూరు శాతం ఎస్‌ఆర్‌జీబీ, 300 నిట్లు ఆపైన ఉంటే కళ్లకు సుఖం. ఐదేళ్లు ప్రతిరోజూ చూసేది తెరనే కాబట్టి, పై రకం ప్రాసెసర్‌కి పెట్టే అదనపు డబ్బు దీనికి పెట్టడం తెలివైన పని.

ఏది ఎవరికన్నది పనిని బట్టి తేలాలి. ఇంజినీరింగ్ సీటు రాగానే గేమింగ్ ల్యాప్‌టాప్ కొనివ్వడం తెలుగు ఇళ్లలో ఒక ఆనవాయితీలా తయారైంది. సీ, జావా, పైథాన్ నేర్చుకోవడానికి అంత యంత్రం అక్కర్లేదు. 16 జీబీ ఉన్న తేలికపాటిది నాలుగేళ్లూ నెట్టుకొస్తుంది. మెకానికల్ విద్యార్థి సంగతి వేరు. సాలిడ్‌వర్క్స్ లాంటివి విండోస్‌కే పరిమితం, విడి గ్రాఫిక్స్ చిప్ ఉంటే మేలు. ఊరూరా తిరుగుతూ టాలీ మీద లెక్కలు చూసే అకౌంటెంట్‌కు కావాల్సింది తక్కువ బరువు, విడిగా అంకెల మీటలున్న కీబోర్డు. ఆ రెండూ ఒకే మోడల్‌లో దొరకడం కష్టం గనుక, 14 అంగుళాల ల్యాప్‌టాప్ కొని, అంకెల కీప్యాడ్‌ను యూఎస్‌బీకి తగిలించుకోవడం ఒక మార్గం.

ధర తగ్గించుకునే దారులు రెండు వాడుకలో ఉన్నాయి. అమెరికాలో ఉన్న అన్నయ్యో మేనమామో వచ్చేటప్పుడు తెప్పించుకోవడం మొదటిది. పద్దెనిమిదేళ్లు నిండిన ప్రయాణికుడు ఒక ల్యాప్‌టాప్‌ను కస్టమ్స్ సుంకం లేకుండా తేవచ్చు. ఇక్కడ కొంటే పడే 18 శాతం జీఎస్‌టీ ఉండదు గానీ, అక్కడి చాలా రాష్ట్రాల్లో అమ్మకం పన్ను ఉంటుంది. చార్జర్ 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటుంది కాబట్టి పిన్ను మార్చుకుంటే చాలు. వారంటీ మన దేశంలో చెల్లుతుందో లేదో మోడల్ వారీగా కనుక్కోవాలి.

రెండోది, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల దొరికే సెకండ్ హ్యాండ్ సరుకు. కంపెనీలు కొన్నేళ్లు వాడి వదిలించుకున్న థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్ రకాలు కొత్తలో లక్ష దాటినవి అయినా, అందులో చిన్న భాగానికే దొరుకుతాయి. కీలు, కీబోర్డు కొత్త చవక మోడళ్ల కన్నా గట్టిగా ఉంటాయి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కనుక, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం కన్నా పాతది తీసుకోకూడదు, విండోస్ 11 దాన్ని ఒప్పుకోదు. డబ్బు చెల్లించే ముందు విండోస్‌లో బ్యాటరీ రిపోర్టు తీసి, తొలి సామర్థ్యంలో ఎంత మిగిలిందో చూడాలి. బయోస్‌కు పాత కంపెనీ పాస్‌వర్డ్ ఉండిపోయిందేమో కూడా అక్కడే ఆన్ చేయించి తేల్చుకోవాలి.