నమూనా విమానాల నియంత్రణలో సమతూకం: పిచికారి డ్రోన్లకు అన్వయం

సికింద్రాబాదు కేంద్రంగా పనిచేస్తున్న ఎన్.సి.సి. డైరెక్టరేట్ పరిధిలోని వాయు విభాగపు కేడెట్లు శిక్షణలో భాగంగా నమూనా విమానాలను తయారుచేసి ఎగురవేస్తారు. ఈ చిన్న విమానాలను నిలకడగా నడిపించే సమతూక సూత్రమే పొలంలో మందు పిచికారి చేసే డ్రోన్‌కూ ఆధారం. డ్రోన్ ఎత్తు, వేగం నిలకడగా లేకపోతే మందు ఒకచోట ఎక్కువై పైరు దెబ్బతింటుంది. మరొకచోట తక్కువై పురుగు మిగిలిపోతుంది.

గరిమనాభి స్థానం: సాధారణ నమూనా విమానంలో గరిమనాభి రెక్క ముందు అంచు నుండి రెక్క వెడల్పులో 25–30 శాతం దూరంలో ఉండాలి. రెక్క వెడల్పు 20 సెం.మీ. అయితే ఇది 5–6 సెం.మీ. వద్ద వస్తుంది. బ్యాటరీ అమర్చిన తరువాత ఆ స్థానంలో రెక్కను రెండు వేళ్లపై నిలిపి చూడాలి. తోక బరువైతే విమానం స్థిరత్వం కోల్పోతుంది. ముక్కు మరీ బరువైతే మందకొడిగా స్పందిస్తుంది. 1,200 గ్రాముల విమానంలో 150 గ్రాముల బ్యాటరీని 4 సెం.మీ. ముందుకు జరిపితే గరిమనాభి అర సెంటీమీటరు ముందుకు జరుగుతుంది.

నియంత్రణ ఫలకాలు: సమతూకం కుదిరిన తరువాతే వీటిని సవరించాలి. సర్వో కడ్డీలలో వదులు ఉండరాదు. ట్రాన్స్‌మిటర్‌లోని ఎక్స్‌పోనెన్షియల్ అమరికతో స్టిక్ మధ్యభాగంలో స్పందన మృదువవుతుంది. ఒక్కో ప్రయత్నంలో ఒక్క మార్పు మాత్రమే చేస్తే దాని ఫలితం స్పష్టంగా తెలుస్తుంది.

పిచికారి డ్రోన్: ఇందులో బరువు ఎగురుతుండగానే తగ్గుతుంది. ఉదాహరణకు 14 కిలోల డ్రోన్‌పై 10 లీటర్ల నీటి ట్యాంకు మధ్య నుండి 6 సెం.మీ. పక్కకు ఉంటే, నిండుగా ఉన్నప్పుడు గరిమనాభి 2.5 సెం.మీ. జరుగుతుంది. బరువు మొగ్గిన వైపు మోటార్లపై అదనపు భారం పడి, గాలి తాకిడిని తట్టుకునే శక్తి తగ్గుతుంది. సగం నిండిన ట్యాంకులో ద్రవం అటూఇటూ ఊగుతుంది. అడ్డుపలకలు ఈ ఊగిసలాటను తగ్గిస్తాయి. కనుక ట్యాంకును మధ్యలో బిగించి నిండుగా, సగం, ఖాళీగా మూడు స్థితులలోనూ మంచినీటితో పరీక్షించాలి.

సికింద్రాబాదుకు బేగంపేట, హకీంపేట విమాన స్థావరాలు సమీపంలో ఉన్నందున, ఎగురవేసే ముందు డ్రోన్ నియమావళి, 2021 ప్రకారం డిజిటల్ స్కై పటంలో ఆ ప్రాంతం ఏ మండలంలో ఉందో తప్పక చూసుకోవాలి.

నేలపై సమతూకానికి వెచ్చించే కొద్ది నిమిషాలే గాలిలో యంత్రాన్ని, పొలంలో పైరును కాపాడతాయి.