మాంసకృత్తుల విశ్లేషణకు కణజాలం తయారీ: నూరడమా, లేజరా?

రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో సేకరించిన వరి ఆకు, మాంసకృత్తుల విశ్లేషణకు తార్నాక సమీపంలోని సీసీఎంబీ వంటి సంస్థకు చేరాలంటే నగరం ఆ చివరికి ప్రయాణించాలి. ఫలితం సరిగా రానప్పుడు విద్యార్థులు మాస్ స్పెక్ట్రోమీటరును శంకిస్తారు. కానీ లోపం చాలాసార్లు అంతకు ముందే, కణజాలాన్ని సిద్ధపరచే దశలోనే జరిగి ఉంటుంది.

నూరే పద్ధతి

మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో గడ్డకట్టించిన ఆకును కల్వంలో గాని, బాల్ మిల్లులో గాని పొడి చేస్తారు. దృఢమైన కణకవచాన్ని ఛేదించడానికి ఇది చవకైన, నమ్మదగిన మార్గం. దీనికి రెండు పరిమితులున్నాయి. మొదటిది, కణం పగలగానే రిక్తికలోని ప్రోటియేజ్ ఎంజైములు, పాలీఫినాల్‌లు మాంసకృత్తులతో కలుస్తాయి. పొడి కరిగిన క్షణం నుంచి విచ్ఛిన్నత మొదలవుతుంది. రెండవది, అన్ని రకాల కణాలు ఒకటైపోతాయి. వరి వంటి సి3 మొక్కల ఆకులో కరిగే మాంసకృత్తుల్లో దాదాపు సగం వరకు రుబిస్కోయే ఉంటుంది. పత్రరంధ్రాల రక్షక కణాల్లో కలిగే స్వల్ప మార్పు ఆ రాశిలో మరుగునపడుతుంది.

లేజర్ పద్ధతులు

ఈ పేరుతో రెండు వేర్వేరు ప్రక్రియలున్నాయి. 1996లో అమెరికా పరిశోధకులు వెల్లడించిన లేజర్ క్యాప్చర్ మైక్రోడిసెక్షన్‌లో, సూక్ష్మదర్శిని కింద పలుచని కోత నుంచి కావలసిన కణాలను మాత్రమే వేరుచేస్తారు. ఇది ఎంపిక సాధనమే. మాంసకృత్తులను ఆ తర్వాత విడిగా వెలికితీయాలి. డీఎన్‌ఏ వలె వాటిని పీసీఆర్‌తో వృద్ధి చేయలేము కనుక వేల కణాలు సేకరించవలసి వస్తుంది.

రెండవది పికోసెకండ్ పరారుణ లేజర్. సుమారు 3 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కాంతిని కణజాలంలోని నీరు గ్రహించి, కణజాలం సూక్ష్మ తుంపరగా లేస్తుంది. దానిని చల్లని ఉపరితలంపై పట్టుకుంటారు. ఎంజైములకు పనిచేసే వ్యవధి తగ్గుతుంది. హాంబర్గ్ పరిశోధకులు 2016లో ప్రచురించిన పోలికలో, నూరిన నమూనాల కంటే ఈ విధానంలో చెక్కుచెదరని మాంసకృత్తులు ఎక్కువగా లభించాయి. అయితే ఆ ప్రయోగాలు క్షీరద కణజాలాలపై జరిగినవి. కణకవచం, రిక్తిక, పాలీఫినాల్‌లు గల పంట మొక్కలకు ఆ ఫలితాన్ని యథాతథంగా అన్వయించరాదు.

ఎంపిక ఎలా?

మొత్తం ఆకు లేదా గింజ స్పందన తెలుసుకోవాలంటే శ్రద్ధగా నూరడమే చాలు. ఏ కణంలో మార్పు వచ్చిందన్నది ప్రశ్న అయితే మైక్రోడిసెక్షన్ అవసరం. రెండు పద్ధతుల్లో తయారైన నమూనాలను ఒకే పట్టికలో నేరుగా పోల్చరాదు.

ఏ పద్ధతి ఎంచుకున్నా మూడు జాగ్రత్తలు తప్పవు. ఆకు కోసిన వెంటనే పొలంలోనే గడ్డకట్టించాలి. ప్రయాణంలో డ్రై ఐస్‌పై ఉంచాలి. నూరిన ఆకు నమూనాలో కొంత భాగాన్ని పంపే ముందు జెల్‌పై పరీక్షించాలి. సుమారు 55 కిలోడాల్టన్ల వద్ద రుబిస్కో పెద్ద ఉపభాగపు పట్టీ స్పష్టంగా కనిపించాలి. అది చెదిరి దిగువన మరకలా పరుచుకుంటే నమూనా పంపరాదు. ఆ ముక్కలు బెట్ట ప్రభావమో, మన జాప్యమో ఆపై ఏ యంత్రమూ తేల్చలేదు.