చేయగలనను నమ్మకము

పాఠశాల ఆటస్థలమున ఎత్తు దూకు పందెము జరుగుచున్నది. పాల్గొనిన బాలురిద్దరును సమానమైన బలము గలవారు. ఒకడు దూరమునుండి పరుగెత్తి వచ్చి, అడుగు తడబడక కఱ్ఱను దాటెను. రెండవవాడును అట్లే పరుగెత్తెను గాని, కఱ్ఱ దగ్గరకు రాగానే ఆగిపోయెను. వాని కాళ్లలో బలము తక్కువ కాదు. దాటగలనను నమ్మకము తక్కువ.

నమ్మకము దేహముపై ఎట్లు పనిచేయును? సందేహించువాడు చేయవలసిన పనిని విడిచి, కలుగబోవు అపజయమునే తలచుచుండును. అందుచే కండరములు బిగిసికొనును. అడుగు లయ తప్పును. ఒకటి రెండుసార్లు ఓడగానే వాడు ప్రయత్నము మానును. నమ్మకము గలవాడు ఓడినను, కారణమును వెదకి మరల యత్నించును. యత్నించినకొలది నేర్పును, నేర్పుతోపాటు నమ్మకమును పెరుగును.

ఆల్బర్ట్ బందూరా అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1977 లో ఈ విషయమును గూర్చి ఒక సిద్ధాంతమును ప్రకటించెను. "నేను గొప్పవాడను" అను భావము వేరు. "ఈ పనిని నేను చేయగలను" అను విశ్వాసము వేరు. ఈతలో ధైర్యము గలవాడు చెట్టెక్కుటకు జంకవచ్చును. ఒక పనికి సంబంధించిన యీ విశ్వాసము నాలుగు విధముల కలుగునని ఆయన వివరించెను. స్వయముగా సాధించిన విజయము మొదటిది. తనవంటివారు సాధించుటను చూచుట రెండవది. నమ్మదగినవారి ప్రోత్సాహము మూడవది. తన దేహస్థితిని సరిగా అర్థము చేసికొనుట నాలుగవది. వీనిలో మొదటిదే మిక్కిలి బలమైనది.

ఇందులకు తెలుగునాటనే చక్కని దృష్టాంతము కలదు. మాలావత్ పూర్ణ నిజామాబాదు జిల్లాలోని పాకాల గ్రామమున వ్యవసాయ కూలీల యింట జన్మించెను. తాడ్వాయి గురుకుల పాఠశాలలో చదువుచుండగా ఆమె పర్వతారోహణ శిక్షణకు ఎన్నికయ్యెను. ఆమెను నేరుగా మహాశిఖరమునకు పంపలేదు. మొదట భువనగిరి కోట నిలిచియున్న గొప్ప శిలపై ఎక్కుట నేర్పిరి. పిదప డార్జిలింగులో శిక్షణయు, లడఖ్ చలిలో అభ్యాసమును జరిగెను. దాటిన ప్రతి మెట్టును పై మెట్టునకు ధైర్యము నిచ్చెను. శిక్షకుడు శేఖర్‌బాబు అంతకుముందే ఎవరెస్టు నెక్కినవాడు. కావున ఆయన మాటకు అనుభవబలము కలదు. ఖమ్మం ప్రాంతపు విద్యార్థి ఆనంద్‌కుమార్ ఆమెకు తోడుగా నుండెను.

2014 ఏప్రిల్ 18 న ఎవరెస్టునకు నేపాల్ వైపున మంచుచరియ విరిగిపడి 16 మంది మరణించిరి. ఈ విద్యార్థులు ఎక్కవలసినది టిబెట్ వైపునుండి. దుర్వార్త విన్నను వారు వెనుదిరుగలేదు. మే 25 న పూర్ణ 8,848 మీటర్ల శిఖరమును చేరెను. అప్పటికామె వయస్సు 13 సంవత్సరముల 11 నెలలు. అంత చిన్నవయస్సున ఎవరెస్టు నెక్కిన బాలిక అంతకుముందు లోకమున లేదు.

ఎత్తైన శిల ముందు నిలిచినవానికి గుండె వేగముగా కొట్టుకొనుట సహజము. క్రొత్తవాడు దానిని భయమనుకొని వెనుకకు తగ్గును. అభ్యాసము గలవాడు తన దేహము పనికి సిద్ధమగుచున్నదని గ్రహించును. అయితే అభ్యాసము లేని నమ్మకము ప్రమాదకరము. ఈత రానివాడు బావిలో దూకినచో, ధైర్యము వానిని తేల్చజాలదు. హిమాలయములకు ముందు భువనగిరి శిల యెంత అవసరమో దీనివలన తెలియగలదు.

ఆటస్థలమున ఆగిపోయిన బాలుని పిరికివాడని పరిహసించుటవలన ప్రయోజనము లేదు. కఱ్ఱను నాలుగు అంగుళములు దించి వానిని దూకనీయవలెను. దాటిన పిమ్మట ఒక్కొక్క అంగుళము పెంచవలెను. తోడివారు ఉత్సాహపరుపవలెను. నేడు ఆగిన చోటనే వాడు కొన్నాళ్లకు తడబాటు లేక దాటగలడు. ఆత్మవిశ్వాసము పుట్టుకతో వచ్చు సంపద కాదు. చిన్న చిన్న విజయములను ఒక్కొక్కటిగా కూర్చుకొని ఎవరికి వారు సంపాదించుకొనవలసిన ధనము.