హీరో లేడు... నరసింహుడున్నాడు!

'హీరో ఎవరు?' బెజవాడ గాంధీనగర్‌లో సినిమా కొనేముందు పంపిణీదారులు అడిగే మొదటి మాట. 2025 జులై 25న విడుదలైన 'మహావతార్ నరసింహ'లో హీరోనే లేడు, అన్నీ బొమ్మలే! అయినా పిల్లల్ని తీసుకుని అమ్మమ్మలూ తాతయ్యలూ కూడా హాళ్లకు కదిలారు. అశ్విన్ కుమార్ తీసిన ఈ చిత్రం ప్రపంచవ్యాప్తంగా రూ.300 కోట్లకు పైగా వసూలు చేసింది. ఖర్చు మాత్రం రూ.40 కోట్లు దాటలేదని వార్తలొచ్చాయి.

కథ కొత్తదా అంటే... 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'దీ ఇదే. మంగళగిరి, వేదాద్రి దగ్గరున్న కృష్ణాతీరం పిల్లలకు నరసింహుడెవరో వేరే చెప్పాలా?

అయితే వసూళ్లన్నీ లాభాలు కావు. మంగళగిరి పానకాలస్వామి సగం పుచ్చుకుని మిగతా సగం ప్రసాదంగా తిరిగిస్తాడు. టిక్కెట్టు డబ్బుల్లో జీఎస్టీ, హాలు వాటా, పంపిణీదారు కమీషను పోయాక నిర్మాతకు ఆ సగం దక్కడమూ కష్టమే! బొమ్మలకు పారితోషికం అక్కర్లేదు కానీ ఏళ్లు పడుతుంది. ఈ చిత్రానికి నాలుగేళ్లు దాటింది. అన్నాళ్లూ పెట్టుబడి ఇరుక్కుపోవాల్సిందే. 2006 నాటి 'కిట్టు' జాతీయ అవార్డు తెచ్చినా, తెలుగులో ఇలాంటివి అరుదుగానే రావడానికి ఇదీ ఓ కారణం.

హోంబలే సంస్థ మాత్రం 2037 దాకా అవతారాల వరుస ప్రకటించేసింది. నరసింహుడి తర్వాత వంతు పరశురాముడిది.