పట్టిక నిర్దేశములలో ఫైలు మార్గములు

పట్టిక రూపములోనున్న డేటాను ఇతరులకు అందించునపుడు, అందలి నిలువు వరుసల పేర్లను, విలువల రకములను తెలుపు చిన్న వివరణ ఫైలును కూడా జతపరచుదురు. దీనిని పట్టిక నిర్దేశము అందురు. పట్టిక ఏ ఫైలులో ఉన్నదో ఈ నిర్దేశమే చెప్పవలెను. అట్లు చెప్పు చిరునామాకు ఫైలు మార్గము అని పేరు.

రెండు విధములు

సంపూర్ణ మార్గము మూల ఫోల్డరు నుండి మొదలగును. ఉదా: /సేకరణ/వర్షము/డేటా/మండలాలు.సీఎస్‌వీ. విండోస్‌లో సాధారణముగా డ్రైవు అక్షరముతో మొదలగును. ఫోల్డరును మరొక కంప్యూటరుకు మార్చినచో ఈ మార్గము చాలవరకు పనిచేయదు.

సాపేక్ష మార్గము ఒక ఆధార స్థానము నుండి లెక్కింపబడును. ఉదా: డేటా/మండలాలు.సీఎస్‌వీ. ఇందు రెండు చుక్కలు (..) పై ఫోల్డరును సూచించును.

ఆధార స్థానము

ఆపరేటింగ్ సిస్టమ్ సాపేక్ష మార్గమును ప్రోగ్రాము నడచుచున్న ఫోల్డరు నుండి లెక్కించును. పట్టిక నిర్దేశములలో మాత్రము నిర్దేశపు ఫైలు ఉన్న చోటే ఆధారము. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 2015 డిసెంబరులో ఆమోదించిన 'సీఎస్‌వీ ఆన్ ద వెబ్' ప్రమాణములో, వేరొక ఆధార చిరునామాను ప్రత్యేకముగా ఇవ్వనిచో, ఇదే నియమము. 'డేటా ప్యాకేజ్' ప్రమాణము కూడా ఇట్లే చెప్పును.

ఈ భేదమును గమనింపక /ఇల్లు/రమ ఫోల్డరు నుండి ప్రోగ్రామును నడిపినచో, అది /ఇల్లు/రమ/డేటా/మండలాలు.సీఎస్‌వీ కొరకు వెదకును. ఫైలు దొరకకున్న తప్పు వెంటనే తెలియును. అదే పేరుతో పాత ఫైలు అక్కడ ఉన్నచో, ఎట్టి హెచ్చరికయు లేకుండ తప్పు లెక్కలు వచ్చును. ఇదియే ఎక్కువ ప్రమాదకరము. కావున ప్రోగ్రాము మొదట నిర్దేశమున్న ఫోల్డరును మార్గమునకు ముందు చేర్చి, పిమ్మట ఫైలును తెరవవలెను.

భద్రత

ఇతరులు పంపిన నిర్దేశములను సర్వరు తెరచునపుడు, అందు సర్వరులోని రహస్య ఫైలుకు సంపూర్ణ మార్గము వ్రాసియుండవచ్చును. సర్వరు దానిని నమ్మి తెరచినచో, ఆ ఫైలు పరుల చేతికి పోవును. అందుచేత డేటా ప్యాకేజ్ ప్రమాణము స్థానిక ఫైళ్లకు సంపూర్ణ మార్గములను, పై ఫోల్డరునకు పోవు ../ మార్గములను నిషేధించినది. పూర్తి వెబ్ చిరునామాలను మాత్రము అనుమతించును.

పరీక్షించునపుడు మార్గపు తొలి అక్షరములను పోల్చుట చాలదు. /సేకరణ/వర్షము-పాతవి అను వేరు ఫోల్డరు కూడా /సేకరణ/వర్షము అను అక్షరములతోనే మొదలగును. చుక్కలను, సింబాలిక్ లింకులను విడదీసి అసలు స్థానమును కనుగొని, అది నిర్దేశపు ఫోల్డరు లోపలనే ఉన్నదో లేదో చూడవలెను.

ఇతర జాగ్రత్తలు

* ఫోల్డరు పేర్ల నడుమ విండోస్‌లో వాడు \ గుర్తునకు బదులు / గుర్తునే వాడవలెను.
* ఇంగ్లీషు పెద్ద, చిన్న అక్షరములను లినక్స్ వేరుగా చూచును. విండోస్ సాధారణముగా ఒకటిగానే చూచును.
* తెలుగు పేర్లలోని ఐత్వమును యూనికోడ్‌లో ఒకే సంకేతముగా గాని, రెండు సంకేతములుగా గాని వ్రాయవచ్చును. కంటికి ఒకటిగా కనబడినను, 'వైశాల్యము' వంటి పేరు గల ఫైలు దొరకకపోవచ్చును. నిర్దేశములోను ఫైలు పేరులోను ఒకే రూపమును వాడుట మేలు.